చల్లారని అంట్లు

అగ్లాయా ఇంట్లో వంట ఆవిడది, అంట్లు భర్త పంతేవి. పెళ్ళయిన కొత్తలో కుదుర్చుకున్న ఒప్పందం. రైలింజన్ నడిపి రిటైరైన మనిషి నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఈల వేసుకుంటూ సింకు దగ్గర నిలబడితే, మెట్లెక్కే ఆడవాళ్ళు తలుపులోంచి తొంగిచూసి, "మా ఆయనక్కూడా కాస్త నేర్పండి బాబాయ్" అని వేళాకోళం ఆడేవాళ్ళు.

ఆయన ఎప్పుడూ తొందరపడేవాడు కాదు. ఆ ఇంట్లో ఎంగిలి గిన్నె తోమేదాకా చల్లారదు. తిన్నవాళ్ళు లేచి వెళ్ళిపోయినా అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు వెచ్చగానే ఉంటుంది. కింది వాటాలో ఉండే సబీనా రొట్టెపిండి కలిపి, గిన్నెతో సహా తెచ్చి వాళ్ళ అంట్ల పక్కన పెట్టి, "ఇవాళ కాస్త ఆలస్యంగా తోమండి" అని చెప్పి పోయేది. అక్కడైతే పిండి బాగా పొంగుతుంది. జ్వరం తగిలినవాళ్ళ గిన్నె మాత్రం గోరువెచ్చగా ఉండేది. అగ్లాయా వాళ్ళమ్మ గిన్నె ఒక చలికాలం పూర్తిగా చల్లబడిపోయింది. ఆవిడ ఆ ఏడు ఈస్టర్ చూడలేదు.

మంచు కరగడం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, పంతే తన కోడిపుంజు బొమ్మ గిన్నెలో చిక్కుడుగింజల పుల్లచారు, చోర్బా, తాగాడు. మూతి తుడుచుకుని, "కాసేపు నడుం వాల్చి వచ్చి తోముతాలే" అన్నాడు. ఆ వాల్చిన నడుం మళ్ళీ లేవలేదు.

శ్మశానం నుంచి వచ్చి చూస్తే సింకులో ఆ గిన్నె ఇంకా వెచ్చగా ఉంది. అగ్లాయా దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నిలబడింది. మళ్ళీ అక్కడే పెట్టేసింది. దాని మీద పళ్ళెం, పళ్ళెం మీద కప్పు, కప్పు మీద బాణలి చేరాయి. పైవి తోమాలంటే నీళ్ళు పొయ్యాలి, నీళ్ళు పోస్తే అడుగున ఉన్నది తడుస్తుంది. సింకు నిండాక గట్టు, గట్టు నిండాక స్నానాల తొట్టి, చివరికి కుట్టుమిషను మూత మీద కూడా అంట్లే. వాసనకి ఈగలు చేరాయి. తినడానికి గిన్నె దొరక్క కొన్ని పూటలు తినడమే మానేసింది. పొద్దున లేస్తే ఒకటే పని, ఆ గుట్ట సందులోంచి చెయ్యి దూర్చి, అడుగున వెచ్చదనం ఉందో లేదో తడుముకోవడం. ఉందని తెలిశాక ఏడవడం. ఈ అంట్లు ఎలా తెమిలేవో, ఈ బతుకు ఎలా తెల్లారేదో ఆవిడకి బొత్తిగా తోచలేదు.

పంతే పోయిన నలభయ్యో రోజున ఆయన పేర ఇచ్చే దానాలకి ముందునాడు, ఆయన అక్క రుక్సాండ్రా ఊరి నుంచి బస్సులో దిగింది. గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఏమే మరదలా, ఇల్లా ఇది, పందుల కొట్టమా?"

"రా వదినా. దానానికి కొత్త గిన్నెలు కొన్నాను. అందరికీ సరిపోతాయి."

"కొత్త గిన్నెలా? మనం ఇక్కడ ఏ గిన్నె దానమిస్తే అక్కడ వాడికి అదే ముడుతుంది. ఆ కోడిపుంజు గిన్నెలో తప్ప వాడు ఏనాడైనా చోర్బా ముట్టాడా? మొన్న కల్లోకొచ్చాడు. దోసిట్లో పోయించుకుని తాగుతున్నాడు, వేళ్ళ సందుల్లోంచి అంతా కారిపోతోంది. ఎక్కడుంది ఆ గిన్నె?"

అగ్లాయా సింకు వైపు చూసింది. రుక్సాండ్రా చేతులు పైకి మడిచి పై పళ్ళెం ఎత్తింది. ఇంకొకటి ఎత్తింది. తర్వాత ఒక్కొక్కదాన్నీ అరచేత్తో తడమడం మొదలుపెట్టింది.

"ఇవన్నీ ఎవరివి?"

"నావే."

"చల్లగా ఉన్నాయే."

"తెలుసు వదినా."

రుక్సాండ్రా కుర్చీ లాక్కుని కూలబడింది.

"అది తోమితే ఆయన పోతాడు," అంది అగ్లాయా.

"వాడు పోయాడే. మనిద్దరం కలిసే కదా మట్టి వేసి వచ్చాం. పోయినవాడిది వెచ్చగా, ఉన్నదానివి నీవి చల్లగా. ఇంకో శవపేటిక వెనక నడిచే ఓపిక నా మోకాళ్ళకి లేదు. లే, నీళ్ళు కాచు."

ఇద్దరూ తోమారు. ఒకరు బూడిదతో రుద్దితే ఒకరు కడిగారు. సాయంత్రానికి అడుగున కోడిపుంజు కనిపించింది. "అది నేను తోమను," అని రుక్సాండ్రా వెనక్కి తిరిగి నిలబడింది. అగ్లాయా నీళ్ళు పోసింది. వెచ్చదనం నీళ్ళలోకి దిగి, మోచేతుల దాకా పాకి, పోయింది. చేతిలో మిగిలింది మామూలు మట్టి గిన్నె. భర్త పోయినరోజు కూడా ఆవిడ అంతలా ఏడవలేదు.

మర్నాడు మెట్ల మీద నిలబడి, ఒక్కో గిన్నెలో చోర్బా పోసి, రొట్టె పెట్టి, కొవ్వొత్తి వెలిగించి పంచింది. కోడిపుంజు గిన్నె సబీనా అందుకుంది. "దేవుడు పంతే బాబాయిని చల్లగా చూడాలి," అంది. అగ్లాయా కళ్ళు నీళ్ళతో మసకబారి, చేతికందింది అందినట్టే ఇచ్చుకుంటూ పోయింది. అందరూ వెళ్ళాక చూసుకుంటే కొత్తవీ పాతవీ, తను తినే పళ్ళెంతో సహా, అన్నీ దానమైపోయాయి. దానమిచ్చింది తిరిగి అడగకూడదు.

"మొగుడికి కాపురం మొత్తం కట్టి పంపావు కదే," అని రుక్సాండ్రా పడీపడీ నవ్వింది. తను కుండలోంచే తిని, మరదలికి కుండమూత తిరగేసి అందులో మొక్కజొన్న సంకటి పెట్టింది. బస్సు ఎక్కబోతూ చెవిలో అంది: "మూత తోమేముందు తడిమి చూసుకో."

అగ్లాయా చూసుకోలేదు. భయం. తిన్న వెంటనే చన్నీళ్ళ కింద పెట్టేసేది. రోజూ అంతే. ఊరి నుంచి ఫోను వచ్చేది.

"చూశావా?"

"లేదు వదినా."

"పిరికిదానా," అని పెట్టేసేది ఆవిడ.

ఈస్టర్ వారం వచ్చింది. ఒక పొద్దున అగ్లాయా ఇంకా మూతలో సంకటి తింటుండగానే, సబీనా గుడ్డ కప్పిన గిన్నె చంకన పెట్టుకుని లోపలికి వచ్చింది. పండగ రొట్టెకి కలిపిన పిండి.

"మా ఇల్లు ఒకటే చలి పిన్నీ. ఇవాళ కాస్త ఆలస్యంగా తోముతారా?"

"పొంగదేమోనమ్మా. ఇప్పుడు నా ఒక్కదాని ఎంగిలే కదా."

"ఎందుకు పొంగదు?" అని సబీనా ఆవిడ ముందు నుంచి మూత తీసి గట్టు మీద పెట్టి, పక్కనే గిన్నె ఆనించి, పిల్లలు ఏడుస్తున్నారంటూ వెళ్ళిపోయింది.

అగ్లాయా దాని దగ్గరికి పోలేదు. కిటికీ దగ్గర కూర్చుంది, గోడవైపు తిరిగి కూర్చుంది, లేచి, ఉన్న ఒక్క చెంచానే మళ్ళీ మళ్ళీ తుడిచింది. మధ్యాహ్నం దాటాక ఇక ఉండబట్టలేక చూసింది. గుడ్డ పైకి లేచి ఉంది. పిండి అంచు దాటి పొంగి, మూత ఉన్న వైపు గట్టు మీదికి జారుతోంది.

కింద సబీనాని కేకేసింది. ఆమె పిండి పట్టుకుపోయాక, తలుపు వెనక వేలాడుతున్న పంతే తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, మూత తోమడానికి కుళాయి తిప్పింది.