మూడు స్టాపుల పాట

నలభై ఎనిమిది కాగితాలు. ఒక్కోటీ మధ్యకి మడిచి, ఒక్కో కంచం పక్కన పెట్టాలి. హోర్సెన్స్ పట్నం పక్క పల్లెలో ఊరుమ్మడి హాలు అద్దెకి తీసుకున్నారు, మెరెటె మొగుడు ఫ్లెమ్మింగ్‌కి ఇవాళ అరవై నిండాయని. బల్లలు తుడిచింది మెరెటె. బంగాళాదుంపలు ఉడికించింది మెరెటె. ఊరేసిన హెర్రింగ్ చేపలు పళ్ళాల్లో సర్ది, బల్లల మీద చిన్న చిన్న జెండాలు నిలబెట్టింది కూడా మెరెటెనే. పుట్టినరోజు ఆయనది, నడుంనొప్పి ఈవిడది.

పెద్ద పుట్టినరోజన్నాక పాట ఉండి తీరాలి. అందరికీ తెలిసిన బాణీ ఒకటి తీసుకుని, ఆ మనిషి మీద చుట్టాలే వేళాకోళం కట్టి, అచ్చేసి పంచుతారు. తిండి మధ్యలో అందరూ బల్లలు చరుస్తూ పాడతారు. ఈసారి కట్టింది ఫ్లెమ్మింగ్ చెల్లెలు వీబెకె. కాగితం పైన లావు అక్షరాలతో ఉంది: "బాణీ: మూడు స్టాపులు."

మెరెటె చెయ్యి ఆగిపోయింది. దేశంలో ఇన్ని వేల పాటలుంటే, దొరికి దొరికి వీళ్ళకి ఇదే దొరికిందా?

ఆ పాట ఆమెది. రాసిందీ, పాడిందీ ఆమే. ముప్పై మూడేళ్ళ కిందట ఒక ఫిబ్రవరి పొద్దున, మూడు నెలల కూతురు సిల్లెని పసిపిల్లల తోపుడుబండిలో పడుకోబెట్టి బేకరీ బయట ఉంచింది. చలిగాలిలో పిల్లలు బాగా పడుకుంటారని అక్కడ అందరూ చేసే పనే, అందులో తప్పులేదు. తప్పేమిటంటే, ఆవిడ లోపలికెళ్ళి రొట్టె కొనలేదు. అప్పుడే వచ్చి ఆగిన బస్సెక్కింది. మూడు స్టాపులు పోయాక దిగి, ఎదురు బస్సు పట్టుకుని తిరిగొచ్చింది. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. దాన్నే ఉన్నదున్నట్టు పాట కట్టింది. చివరి చరణంలో మూడో స్టాపు దగ్గర తల్లి గుండెలో ప్రేమ పొంగుతుంది, పరుగున వెనక్కొస్తుంది. రేడియోలో ఆ చరణం వచ్చేసరికి వంటిళ్ళలో ఆడవాళ్ళు ఏడ్చేవారట. సంచులకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. బాలింతల్ని చూసే నర్సులకి ఇవాళ్టికీ శిక్షణలో ఆ పాట వినిపిస్తారు.

బయట అంత పేరొస్తే, ఇంట్లో ఏమొచ్చింది? "ఇంటి గుట్టు రేడియోకెక్కించావు కదమ్మా! మా వైపు పిల్లని వదిలేసి పోయిన ఆడది ఇంతవరకూ లేదు," అంది అత్తగారు గ్రేటె. రెండో పాట రాస్తానంటే ఫ్లెమ్మింగ్ కాఫీ కప్పులోంచి తలెత్తకుండానే, "ఉన్న పరువు తీశావు చాలదా? అయినా పిల్లనెవరు చూస్తారు?" అన్నాడు. పిల్లనెవరు చూస్తారు! ఆ ఒక్క ప్రశ్నతో ఆమె పాటలు మానేసి, శిశు సంరక్షణ కేంద్రంలో ఉద్యోగానికి కుదిరింది. సొంతపిల్లని వదిలిందన్న మచ్చ మోస్తూ ఊళ్ళో పిల్లలందరి ముక్కులూ తుడిచింది. అక్కడ మధ్యాహ్నం పసిపిల్లల్ని బండ్లలో ఆరుబయట పడుకోబెడతారు. పై అధికారిణి తలుపు దగ్గర నిలబడి, "మెరెటె, బండ్లు లెక్కపెట్టుకున్నావా? బస్సు టైమైందోయ్!" అనేది. ఇరవై తొమ్మిదేళ్ళు అదే జోకు. మెరెటె నవ్వేది. నవ్వకపోతే సరసం తెలియని మనిషంటారు మరి. ఆ నవ్వినందుకే ఇప్పుడు ఆవిడకి తన మీద తనకి ఒళ్ళు మండుతుంది.

కాగితం మళ్ళీ విప్పి చదివింది. మొదటి చరణం ఫ్లెమ్మింగ్ చేపల వేట. రెండోది:

"పెళ్ళాం చూడు బస్సెక్కింది, పిల్ల కెవ్వుమంది,
నాన్న ఊపిన బండిలోనే బజ్జుంటే హాయంది!"

అరికాలి మంట నెత్తికెక్కింది. నాన్న ఊపాడా? ఏ నాన్న?

కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఫ్లెమ్మింగ్ వచ్చాడు. "చదివావా? మా వీబెకె భలే రాసింది కదూ!"

"బండి నువ్వు ఊపావా?"

"అబ్బా, పాటే కదవే. ప్రాస కుదరొద్దూ? ఇవాళొక్క రోజు మొహం మాడ్చుకోకు. అన్నట్టు, పియానో నువ్వే వాయించాలి. ఇంకెవరికొచ్చు?"

జనం వచ్చారు, గ్లాసులు లేచాయి. మెరెటె ఖాళీ పళ్ళాలు పట్టుకుని వంటగదిలోకి వెళితే, వెనకే సిల్లె వచ్చింది. సిల్లెకి ఇప్పుడు నాలుగు నెలల కొడుకు. వాడు కిటికీ కింద బండిలో నిద్రపోతున్నాడు. సిల్లె జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళయిందో! పళ్ళెం కడుగుతున్నట్టు నటిస్తూ నీళ్ళ కిందే చేతులు ఉంచేసింది.

"అమ్మా, ఒకటడుగుతా, తిట్టవు కదా?"

"అడుగు తల్లీ."

"పాటలో మూడో స్టాపు దగ్గర నీకొస్తుందే, ఆ ప్రేమ. అది నాకు రాలేదమ్మా. నాలుగు నెలలుగా చూస్తున్నా. వాడు ఏడిస్తే ఎత్తుకుంటున్నా, పాలిస్తున్నా, లోపల మాత్రం ఏమీ లేదు. నువ్వయితే మూడు స్టాపులకే వెనక్కి పరిగెత్తావు. నేను మనిషినేనా అసలు?"

ఆ చరణం ఎలా పుట్టిందో సిల్లెకి తెలియదు. లోకానికీ తెలియదు. మొదట రాసిన చరణంలో ప్రేమ లేదు, దోమ లేదు. కోటు జేబులో బస్సు పాసు మాత్రం ఉంది. ఇంటి తాళాలు, పర్సు ఉన్న సంచీ బండిలోనే ఉండిపోయింది. అందుకే వెనక్కొచ్చింది. సంచీ చేతిలో ఉంటే ఆ పూట రాజధాని కోపెన్‌హేగెన్ దాకా పోయేదే. అదే రాస్తే, ఫ్లెమ్మింగ్ కాగితం మీద వేలు పెట్టి, "ఈ ముక్క తీసెయ్. నిన్ను తల్లనరు, రాక్షసంటారు. ప్రేమ పొంగిందని రాయి," అన్నాడు. రాసింది. ఆడది తప్పు ఒప్పుకుంటే లోకం చప్పట్లు కొడుతుంది, కానీ చివర్లో ఏడ్చి కాళ్ళ మీద పడాలి. ఆ అబద్ధం విని ఎంతమంది పిల్లతల్లులు రాని ప్రేమ కోసం ఇలా ఎదురుచూస్తూ తమని తాము తిట్టుకున్నారో! తన కడుపున పుట్టిన పిల్ల కూడా.

"వదినా! పియానో!" హాల్లోంచి వీబెకె కేక.

"నువ్వూ రా," అని కూతురి తడిచెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది మెరెటె.

మొదటి చరణానికి బుద్ధిగా వాయించింది. బల్లలు అదిరిపోయాయి. ఫ్లెమ్మింగ్ మొహం వెలిగిపోతోంది. రెండో చరణం అందుకోవడానికి అందరూ ఊపిరి పీల్చుకుంటుండగా ఆమె చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమైంది వదినా, మర్చిపోయావా?"

"మర్చిపోలేదు వీబెకె. ఇది నిజం కాదు. ఆ పొద్దున మీ అన్నయ్య హ్యాండ్‌బాల్ ఆడుకుంటున్నాడు. బండి ఊపింది బేకరీలో పనిచేసే అమ్మాయి. రొట్టెలు అమ్ముతూనే మధ్యమధ్య బయటికొచ్చి, కాలితో ఊపింది. ఆ పిల్ల పేరైనా మనలో ఎవరమూ అడగలేదు."

"మెరెటె, అందరూ ఉన్నారు," అన్నాడు ఫ్లెమ్మింగ్, నవ్వు మొహాన అతికించుకునే.

"ఉండనీ. అందరూ ఉన్నప్పుడే కదా పాడిస్తున్నారు. చివరి చరణం కూడా అబద్ధమే. అది నువ్వు రాయించావు. నేను ప్రేమ పొంగి వెనక్కి రాలేదు. ఇంటి తాళాలు బండిలో ఉండిపోయాయని వచ్చాను."

గ్రేటె చేతిలో ఫోర్కు కంచంలో పడింది. "అయ్యో, నవ్వుతారమ్మా జనం," అంది ఆవిడ. మెరెటె ఆవిడకేసి చూడలేదు. మొగుడికేసీ చూడలేదు. ముందు వరసలో, గుక్కపట్టిన పిల్లలా తననే చూస్తున్న కూతురికేసి తిరిగింది.

"నీ మీద ప్రేమ నాకు పదకొండో నెలలో వచ్చింది సిల్లె. ఒక మంగళవారం, నీ మూతికంటిన జావ తుడుస్తుంటే. అప్పటిదాకా పని చేశానంతే."