చక్రాల వంటిల్లు

“మళ్ళీ పెరిగింది!” అన్నాడు మా ఆయన ఒస్మార్, ఫోన్లోంచి తలెత్తకుండానే.

నేను గుడ్డ సంచిలో కాఫీ వడకడుతున్నాను. ఏం పెరిగిందని అడగలేదు. బీన్స్ ధర పెరిగితే నేనే సర్దుకుంటాను, గ్యాస్ ధర పెరిగినా నేనే సర్దుకుంటాను, అందుకని మా ఇంట్లో అవి వార్తలు కావు. వార్తంటే ఒక్కటే, పాత కోంబీ వ్యాన్ల ధర. పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంటుంది మా కోంబీ. లోపల రెండు పొయ్యిల స్టవ్వు, చిన్న సింకు, మడిస్తే సోఫా అయ్యే మంచం, బయటికి లాగితే పందిరయ్యే కాన్వాసు. మా ఊరు సావో బెర్నార్దోలోనే తయారైన బండి. ఫ్యాక్టరీ వాళ్ళు కోంబీలు చెయ్యడం మానేశాక యూరప్ వాళ్ళకి వాటి మీద మోజు పుట్టింది. ఉన్న పాతవన్నీ ఓడలెక్కించి పట్టుకుపోతున్నారు. నిన్నటిదాకా సంతలో కూరగాయలు మోసిన డొక్కు బళ్ళకి కూడా ఇవాళ బేరాలొస్తున్నాయి.

“ఈ ధర నిలుస్తుందంటావురా?” అంది మా అత్తగారు దోనా ఇర్మా, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

“అదే కదమ్మా అసలు ప్రశ్న! మా కోంబీల క్లబ్బులో సగం మంది ఇంకా పెరుగుతుందంటున్నారు. మిగతా సగం మంది, ఈ మోజున్న ముసలాళ్ళు పోతే కొనే దిక్కెవరు, దబ్బున పడిపోతుందంటున్నారు.”

“మరి నువ్వేమంటావు?”

“అమ్మితే ఇప్పుడే అమ్మాలి. వచ్చిన డబ్బుతో ప్రాయా గ్రాందీలో సముద్రం ఎదురుగా ఫ్లాట్ కొనేద్దాం. ఇదా, నీకు పెద్ద వంటగది వస్తుంది తెలుసా! ఇంత పొడుగు గట్టు. వారం వారం మా తమ్ముడు వాళ్ళని కూడా పిలుచుకోవచ్చు.”

ఇదా అంటే నేనే, పూర్తి పేరు ఇదలీనా. చేతులు బార్లా చాచి చూపించాడు గట్టు పొడుగు. నేను అతని కప్పులో పంచదార వేసి కలిపాను. నలభై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ లేనిది, ఒస్మార్ ఈ మధ్య బకెట్ పట్టుకుంటున్నాడు. ఆదివారం ఆదివారం మెత్తటి గుడ్డ కొనుక్కొచ్చి మరీ కోంబీని తుడుస్తున్నాడు. అద్దాల చుట్టూ ఉన్న రబ్బరుని వేలితో నిమురుతున్నాడు. నేను జ్వరంతో పడుకున్నప్పుడు గుమ్మంలో నిలబడి, “ఇంతకీ రాత్రికి ఏం చేస్తున్నావ్?” అని అడిగిన మనిషి ఇతనేనా అని కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. ఒళ్ళు మండేది, నవ్వూ వచ్చేది. ధర పెరిగితే మగాడి చెయ్యి కూడా మెత్తబడుతుందన్నమాట అనుకునేదాన్ని.

నేను ఈ మధ్యే రిటైరయ్యాను. మున్సిపల్ స్కూల్లో వంటమనిషిని. పొద్దున పిల్లలకి అన్నం, బీన్స్, కోడికూర పెద్ద పెద్ద డేగిసాల్లో వండేదాన్ని, సాయంత్రం ఇంటికొచ్చి అవే చిన్న గిన్నెల్లో వండేదాన్ని. ఇక సెలవులొచ్చాయంటే కోంబీ బయల్దేరేది. “ఈ వారమంతా హాయిగా రెస్ట్ తీసుకో ఇదా. నువ్వేం చెయ్యక్కర్లేదు. వంట ఒక్కటి చూసుకో చాలు,” అనేవాడు ఒస్మార్. ఆ మాట నిజంగా ప్రేమతోనే అనేవాడు, అదే నా బాధ. వాళ్ళకది విహారం. నాకు మాత్రం నా వంటింటికే నాలుగు చక్రాలు బిగించి, నిటారుగా నిలబడితే తల తగిలేలా చేసి, ఇసక చల్లి ఇచ్చినట్టుండేది. చేపలు కడిగే నీళ్ళు నేనే మోసేదాన్ని. మరిదిగారి కుటుంబం పందిరి కింద కుర్చీలేసుకుని, “వదినా, నీ చేతి చేపల పులుసు ఉంటే సముద్రంతో పనే లేదు,” అని పొగిడేది. కంచాలు మాత్రం అక్కడే వదిలేసి లేచేది.

కోంబీలో నా చోటేమిటో కూడా చెప్పాలి. డ్రైవర్ సీట్లో ఒస్మార్. వెనక కూర్చుంటే వాంతులవుతాయని పక్క సీట్లో దోనా ఇర్మా. ఆ రెండు సీట్లకీ వీపు ఆనించి, వెనక్కి తిరిగి ఉండే బెంచీ నాది. ఒళ్ళో గిన్నెల బుట్ట, కాళ్ళ మధ్య నీళ్ళ డబ్బా. కొండ దిగి సముద్రానికి వెళ్ళే దారి ఎంత బాగుంటుందో లోకమంతా చెప్పుకుంటుంది. నేను మాత్రం ఎప్పుడూ వెళ్ళిపోయిన రోడ్డునే చూశాను. ముందు సీట్లోంచి, “అదిగో సముద్రం!” అని అరుపు వినిపించేది. నేను మెడ తిప్పేలోపు మలుపు దాటిపోయేది.

ఒక్కసారి మాత్రం ముందు కూర్చున్నాను. ఉబాతూబాలో ఉండగా ఒస్మార్‌కి కిడ్నీలో రాయి కదిలింది. మనిషి మెలికలు తిరిగిపోతున్నాడు. అతన్ని వెనక మంచం మీద పడుకోబెట్టి, కొండ పైనున్న ఆసుపత్రికి తీసుకెళ్దామని తాళంచెవి తీసుకుని కోంబీ ఎక్కాను. లైసెన్సు ఉందిగానీ, “కోంబీ స్టీరింగ్ ఆడవాళ్ళ వల్ల కాదు,” అని ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు. ఆ కొండ దారి నిట్టనిలువుగా ఉంటుంది. పొగమంచు. పక్కన దోనా ఇర్మా జపమాల తిప్పుతూ, “అమ్మాయ్, లోయ అటుంది, లోయ అటుంది!” అంటోంది. ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్ళీ ఫస్టు. భయంతో చెమటలు పట్టాయి, నిజమే. కానీ దారి నా ఎదురుగా విచ్చుకుంటూ వస్తుంటే, ఎవరికీ చెప్పని ఒక సంతోషం వేసింది. వెనక మొగుడు నొప్పితో మూలుగుతుంటే సంతోషం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

క్లబ్బులో ఆ కథ ఇప్పటికీ చెప్తాడు ఒస్మార్. “కిడ్నీలో ఇంత రాయి పెట్టుకుని మరీ సెకండ్ గేర్లో కొండెక్కించాను!” అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. వాళ్ళకి వేడి వేడి పస్తేలు, అంటే మాంసం కూరిన కజ్జికాయలు, వేయించి అందిస్తూ నేను అక్కడే ఉంటాను.

అయితే, బండి నా పేరు మీదే ఉంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, మా వీధి మొత్తానికీ తెలుసు. ఒస్మార్ పెట్టిన బేకరీ మునిగినప్పుడు బ్యాంకుల్లో అతని పేరు పాడైంది. మా దగ్గర అలా పేరు చెడ్డవాళ్ళందరూ చేసే పనే చేశాడు, ఉన్నవన్నీ పెళ్ళాం పేరు మీదకి మార్చేశాడు. తర్వాత పేరు బాగుపడింది గానీ కోంబీని మాత్రం తిరిగి మార్చుకోలేదు. అంత డొక్కు బండికి మళ్ళీ నోటరీ ఖర్చు దండగ అన్నాడు. “కోంబీ మా ఆవిడ పేరు మీదుంది. ఆ మాటకొస్తే నేనూ ఆవిడ పేరు మీదే ఉన్నాను!” అని జోకు. ఆ జోకుకి నేనూ నవ్వేదాన్ని.

సెల్సో వచ్చింది గురువారం. ఓడల్లో బళ్ళు పంపించే వ్యాపారి అతను. తెల్ల చొక్కా నలుగుతుందని కూడా చూసుకోకుండా అట్టముక్క పరుచుకుని కోంబీ కిందకి దూరాడు. చాలాసేపు కాళ్ళే కనిపించాయి. బయటికొచ్చాక ఆశ్చర్యంగా చూశాడు.

“ఇన్నేళ్ళు సముద్రం ఒడ్డున తిరిగిన బండి కింద తుప్పు లేకపోవడమేంటండీ? ఉప్పుగాలికి ఇనుము జల్లెడైపోతుంది కదా! కొత్త బండిలా ఉంది. ఎవరు కడిగేవాళ్ళు దీన్ని?”

“నేనే,” అన్నాడు ఒస్మార్.

నేను కాఫీ ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. ప్రతి ప్రయాణం నుంచీ తిరిగొచ్చాక వాళ్ళు సోఫా మీద వాలిపోతే, నేను పైపు తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, చక్రాల వెనకా, ఇంజను కిందా మంచినీళ్ళతో ఉప్పు వదిలేదాకా కడిగేదాన్ని. మా నాన్న సాంతోస్ రేవులో పడవలకి అలాగే చేసేవాడు, అది చూసి పెరిగాను. నడుం పట్టేసేది. ఒకసారి గుమ్మంలోంచి ఒస్మార్ అన్న మాట కూడా గుర్తుంది. “నీకు నీళ్ళ బిల్లు పెంచడం తప్ప వేరే పనేం లేదా?”

“కాదు. నేను కడిగాను,” అన్నాను.

నా గొంతు మామూలుగానే ఉంది. అందుకే కాబోలు ఒస్మార్ తేలిగ్గా నవ్వేశాడు. “సరే సరే, నీళ్ళు పోసింది ఇదానే. పోయించింది నేను.”

“అబద్ధమాడకురా,” అంది దోనా ఇర్మా.

ముగ్గురం ఆవిడ వైపు తిరిగాం. కుర్చీలో బటాణీలు ఒలుచుకుంటోంది. ఇన్నేళ్ళలో ఆవిడ నా పక్షాన ఒక్క మాట మాట్లాడిన గుర్తు లేదు. పులుసులో ఉప్పెక్కువైందనీ, చొక్కా కాలర్ సరిగా ఉతకలేదనీ తప్ప.

“నువ్వు సోఫాలో గురకలు పెడుతుంటే కిటికీలోంచి చూసినదాన్ని నేను. అదే కడిగేది. వానొచ్చినా కడిగేది. నీకు పైపెక్కడుంటుందో తెలుసునా?”

సెల్సో గొంతు సవరించుకుని కాఫీ తీసుకున్నాడు. తర్వాత ధర చెప్పాడు. మా ఇంటి విలువలో సగం ఉంటుంది. ఒస్మార్ ముఖం వెలిగిపోయింది, జరిగిందంతా మర్చిపోయాడు. “వచ్చే వారం నోటరీ ఆఫీసులో కలుద్దాం. అట్నుంచటే బండి పట్టుకుపోండి,” అన్నాడు. సంతకం పెట్టాల్సిన మనిషి ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వచ్చేసింది.

ఆ నాలుగు రోజులూ గిన్నెలు తోముతూ ఒకటే ఆలోచన. ధర నిలుస్తుందా, పడిపోతుందా అని ఊరంతా తలలు బద్దలు కొట్టుకుంటోంది. కానీ ఆ ధర ఎక్కణ్ణుంచి వచ్చింది? చెక్కుచెదరని ఆ ఇనుములోంచి, చిరగని కర్టెన్లలోంచి, ఇప్పటికీ వెలిగే ఆ స్టవ్వులోంచి. అవన్నీ నా చేతులే. నా చేతులకి ఎవరూ ఎప్పుడూ ధర కట్టలేదు. ఇప్పుడు కట్టాక ఆ డబ్బుతో నాకు కొనిపెట్టేది ఏమిటి? ఇంకో వంటిల్లు! మరిదిగారింటిల్లిపాదికీ సరిపోయేంత గట్టు! ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. శుభ్రమైన కోపం, కడుపు నిండా. ఆ కోపంలోనే ఉబాతూబా కొండ దారి గుర్తొచ్చింది. దారి మళ్ళీ అలా నాకు ఎదురు రావాలి, ఈసారి సముద్రం వైపు దిగుతూ రావాలి. నాకు కావలసింది అంతే. బండి ఓడెక్కిందంటే అది ఇక జరగదు.

“కోంబీలో నీ సామాన్లేవో ఉన్నాయిట, రేపటికల్లా ఖాళీ చేసెయ్,” అన్నాడు ఒస్మార్ సోమవారం. సరేనని వెళ్ళాను. సొరుగులన్నీ తీశాను. స్టవ్వు తుడిచాను. కాఫీ పొడి డబ్బా అడుగంటితే, ఇంట్లోంచి తెచ్చి నిండా పోసి, మళ్ళీ దాని చోట్లోనే పెట్టి వచ్చాను.

మంగళవారం దోనా ఇర్మా కూడా వస్తానంది. చివరిసారి కదా, ఎక్కి వస్తానని యథాప్రకారం ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక్కి తిరిగి ఉన్న బెంచీ మీద. ఆవిణ్ణి బండిలోనే ఉంచి మేం నోటరీ ఆఫీసులోకి వెళ్ళాం. సెల్సో ముందే వచ్చి ఉన్నాడు. బండి పత్రం మీద ఓనరు ఎదురుగా నిలబడి సంతకం పెడితేనే చెల్లుతుంది. కౌంటర్ వెనక అమ్మాయి నా గుర్తింపు కార్డు చూసి, పత్రం నా వైపు జరిపింది.

“ఇక్కడ పెట్టండి ఇదలీనాగారూ.”

“నేను అమ్మటం లేదమ్మా,” అన్నాను.

ఆ అమ్మాయి పెన్ను ఆపింది. ఒస్మార్ చుట్టూ చూసి నవ్వబోయాడు. “జోకులేస్తోంది మా ఆవిడ.”

“బండి నా పేరు మీదుందన్న జోకు నీది. నాకిన్నేళ్ళకి అర్థమైంది.”

“ఇదా, నీకు మతిపోయిందా? రేపు ధర పడిపోతే?”

“పడనీ.”

“ఇంకొంచెం పెంచమంటే పెంచుతాను మేడం,” అని సెల్సో నా చెవి దగ్గరికి వంగాడు. పాపం, అతని బాధ అతనిది.

“మీరు చెప్పిన ధర న్యాయమైందే సెల్సోగారూ. ఇంకా పెరిగినా నాకు సంతోషమే. బండి మాత్రం ఇవ్వను.”

“అది నా కోంబీ!” అన్నాడు ఒస్మార్, ఆఫీసంతా వినిపించేలా. వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. కౌంటర్ అమ్మాయి పత్రం ఎత్తి చదివి, “ఇక్కడ ఇదలీనాగారి పేరే ఉందండీ,” అంది చాలా మర్యాదగా. అని ఆ పత్రం నా చేతికే ఇచ్చింది.

నేను ఒస్మార్ ముందు చెయ్యి చాచాను. ఏం కావాలో అతనికి తెలుసు. జేబులోంచి తాళంచెవి తియ్యడానికి చాలాసేపు పట్టింది, నేను మాత్రం చెయ్యి దించలేదు.

డ్రైవర్ సీట్లో ఎక్కి, సీటు ముందుకి లాక్కున్నాను. దోనా ఇర్మా నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“లోయ ఎటుందో ఈసారి నేను చెప్పను. నీకు తెలుసు,” అంది.

ఒస్మార్ వచ్చి తల్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. “అమ్మా, దిగు. నువ్వు వెనక కూర్చో.”

“నాకు వాంతులవుతాయిరా. తెలీదూ?”

ఒస్మార్ పక్క తలుపు జరిపి బెంచీ మీద కూలబడ్డాడు. ఇంజను ఒక్క తిప్పుకే పలికింది. ఊరు దాటి, ఆంషియేటా రోడ్డెక్కి, కొండ దిగడం మొదలుపెట్టాను. స్టీరింగ్ బరువుగానే ఉంది, డేగిసాలు దింపిన చేతులకి అదేం లెక్క! చెట్లు, మలుపులు, ఆకాశం అన్నీ నాకు ఎదురొస్తున్నాయి. వెనకనుంచి గొణుగుడు వినిపించింది, ఇలా వెనక్కి తిరిగి కూర్చుంటే తల తిరుగుతోందని. అలవాటవుతుందిలే అన్నాను.

ఒక మలుపు తిరిగేసరికి, మొత్తం ఒకేసారి, నా కళ్ళెదుట సముద్రం. “అదిగో!” అని అరిచాను చిన్నపిల్లలా. దోనా ఇర్మా పెద్దగా నవ్వింది. వెనకనుంచి సొరుగులు తీస్తున్న చప్పుడు, మూస్తున్న చప్పుడు, మళ్ళీ తీస్తున్న చప్పుడు.

“ఇదా,” అన్నాడు ఒస్మార్, గొంతు బాగా తగ్గించి, “కాఫీ పొడి ఎక్కడుంటుంది?”

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

“వెతుక్కో,” అన్నాను.