తీతు కర్ర

గని పైకప్పును కర్రతో తట్టి, గుల్లమోత వినిపిస్తే కప్పు కూలుతుందని పని ఆపించడం తీతు డ్యూటీ. ఏ కొలువులోనూ నిలవని నర్సింగానికి ఆ కర్రంటేనే ఒళ్లుమంట. ఒకరోజు గుల్లమోత విని తీతు వద్దన్నా, వినక లోపలికే పోయాడు. కప్పుకు ఊతంగా నిలిపిన దుంగలు పటపటలాడాయి. తీతు ఉరికొచ్చి, "నువ్వు పో తమ్మీ" అంటూ అతన్ని అవతలికి నెట్టాడు. బండ తీతు మీద పడింది.

"నా అసుంటోని కోసం ఎందుకు సచ్చిండక్కా?" అని తీతు భార్య సువార్తమ్మను అడిగాడు నర్సింగం.

"ఆయన నమ్మిన యేసు గట్లనే చేసిండు," అంటూ ఆమె మూలనున్న తీతు కర్ర తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఆ కర్రతో గని కప్పు తడుతూనే నర్సింగం జుట్టు నెరిసింది.

ఇవాళ మళ్లీ గుల్లమోత. కొత్తగా చేరిన బిక్షం, "ముసలోనికి భయం" అని నవ్వి లోపలికి నడిచాడు. దుంగలు పటపటలాడాయి.

నర్సింగం కర్ర పారేసి ఉరికాడు.

"నువ్వు పో తమ్మీ!"