తదితరుల్లో అర్షియా

బందరు కోర్టు వీధిలో అబ్దుల్ గఫార్ జిరాక్స్ షాపు పొద్దున్నే తెరుచుకుంటుంది. ఆయన షట్టరు ఎత్తి, మిషను మీద గుడ్డతో ఓసారి తుడిచి, వకాలతు కాగితాలు పట్టుకొచ్చే గుమాస్తాల కోసం కూర్చుంటాడు. లోపల కంప్యూటరు ముందు ఆయన కూతురు అర్షియా ఉంటుంది. పిటిషన్లు టైపు చేసే షాపులు ఆ వీధి నిండా ఉన్నాయి. లెక్చరర్లు పత్రికలకు పంపుకునే పరిశోధన వ్యాసాల చివర రిఫరెన్సులు సరిచేసిపెట్టేది మాత్రం ఆమె ఒక్కతే. ఇంటిపేరు ముందా వెనకా, తర్వాత కామానా చుక్కా, సంవత్సరం ఎక్కడ వెయ్యాలి, ఇలా ఒక్కో పత్రికది ఒక్కో పద్ధతి. అవన్నీ ఆమెకు కొట్టిన పిండి.

షాపు ముందు పొడవాటి చెక్క బల్ల ఒకటుంది. అర్షియా ఒక రిఫరెన్సు పూర్తిచేసి చివర చుక్క పెట్టగానే, అందులో పేరున్న మనిషి వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటాడు. ఢిల్లీలో ఉన్నా, జపానులో ఉన్నా, కాలం చేసినా సరే వస్తాడు. ఫైలు మూసేశాక వెళ్ళిపోతాడు. బతికున్నవాళ్ళు వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు చేరుకున్నాక కూడా నాలుక మీద అల్లం టీ రుచి కాసేపు ఉంటుందట. సంవత్సరం తప్పు పడితే అప్పటి వయసులో వస్తారు. ఓసారి పెద్ద ప్రొఫెసరుగారొకరు నిక్కరుతో వచ్చి కాళ్ళూపుకుంటూ కూర్చుంటే, అర్షియా చూసుకుని అంకె దిద్దింది. పక్కన టీకొట్టు రావమ్మ తలలు చూసుకుని గ్లాసులు సర్దుతుంది. కోర్టుకొచ్చినవాళ్ళు "కాస్త జరగండి" అని వాళ్ళ పక్కనే సర్దుకుంటారు.

పేర్లు మరీ ఎక్కువైతే కొన్ని పత్రికలు ముగ్గురివి వేసి, మిగిలినవాళ్ళను 'తదితరులు' అనెయ్యమంటాయి. ఆ తదితరులూ వస్తారు. కాకపోతే బల్ల దగ్గరికి రారు. రోడ్డుకు అవతల ప్రహరీ పక్కన ఎండలో నిలబడతారు. వాన పడ్డ అద్దంలోంచి చూసినట్టు వాళ్ళ మొహాలు ఆనవు. రావమ్మ వాళ్ళకూ టీ తీసుకెళ్ళింది గానీ గ్లాసు ఎవరి చేతికివ్వాలో తెలియక వెనక్కి వచ్చేసింది.

గుడివాడలో లెక్చరరుగా పనిచేసే శ్రీలక్ష్మి వేసవిలో ఒక వ్యాసం తెచ్చింది. దివిసీమ పొలాల్లోకి ఉప్పునీరు ఎలా ఎక్కుతోందన్నది విషయం. అందులో అనంతకృష్ణ అనే శాస్త్రవేత్త బృందం రాసిన పాత వ్యాసం ప్రస్తావన ఉంది. అర్షియా మూడు పేర్లు కొట్టి, తదితరులు అని పెట్టి, కుర్చీలోనే వంగి పిక్కలు నొక్కుకుంది. ఆ వ్యాసం వచ్చినప్పుడల్లా ఆమెకంతే. ఎండలో నిలబడ్డట్టు కాళ్ళు లాగేస్తాయి.

అందులో ఐదో పేరు ఆమెదే. ఎమ్మెస్సీ అయ్యాక ఆ ప్రాజెక్టులో చేరి, కోడూరు వెనక కాలవల్లో పడవ మీద తిరుగుతూ నీళ్ళలో ఉప్పు కొలిచేది. మధ్యలో అమ్మీ హాజిరాకు జబ్బు చేస్తే ఇంటికొచ్చేసింది. అమ్మీ లేచి తిరిగేసరికి ప్రాజెక్టు ముగిసింది. వ్యాసం అచ్చయిందన్న సంగతి, ఎవరో రిఫరెన్సుల కోసం తెస్తేనే తెలిసింది. ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

శ్రీలక్ష్మి వ్యాసాన్ని ఆ పత్రిక తిప్పి పంపింది. వానలు మొదలయ్యాక ఆవిడ మళ్ళీ బందరు బస్సెక్కి వచ్చింది.

"ఇంకో పత్రిక చూశానమ్మా. సాయంత్రం లోపల పంపాలి. ఇదీ పోతే నా ప్రమోషను ఇప్పట్లో రాదు. వీళ్ళకు తదితరులు కుదరదట. ఎంతమంది ఉంటే అందరి పేర్లూ రాయాలట."

అర్షియా ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చింది. ప్రహరీ పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే మొహాలు తేటపడి, రోడ్డు దాటి వచ్చి కూర్చుంటున్నారు. బల్ల చాలక గఫార్ లోపలి కుర్చీలు బయట వేశాడు. అనంతకృష్ణది తప్ప అన్నీ అయ్యాయి. అక్కడ అర్షియా చెయ్యి ఆగిపోయింది.

"దీనికొక్కదానికీ తదితరులే ఉంచేద్దామా అండీ?"

"తిప్పి పంపేస్తారమ్మా. ఏం, పేర్లు దొరకలేదా?"

అర్షియా మెల్లగా ఐదు పేర్లూ చదివింది.

"చివరిది మీ పేరే," అంది శ్రీలక్ష్మి.

"నేనేనండి."

శ్రీలక్ష్మి తెర మీదికి వంగి ఆ పేరు మళ్ళీ చదివింది. "దివిసీమ మీద ఏది రాసినా ఆ కొలతలతోనే మొదలుపెడతాను. ఇన్నాళ్ళూ ఒక్కమాట అనలేదేం?"

"ఏమననండీ. ఇక్కడ టైపు చేసుకుంటున్నాను. వాళ్ళ మధ్య కూర్చుని ఏం మాట్లాడను?"

"మాట్లాడకపోతే టీ తాగండి. మిగతాది నేను కొట్టుకుంటాను."

అర్షియా పేర్లన్నీ కొట్టి, చుక్క పెట్టింది. కుర్చీ ఖాళీ అయింది.

బయట బల్ల చివర కూర్చుని ఉంది. పక్కన అనంతకృష్ణ. జుట్టు బాగా నెరిసింది. రావమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి అవతలికి వెళ్ళింది.

"ఎక్కడున్నావమ్మా ఇన్నాళ్ళూ?" అన్నాడాయన.

"ఇక్కడే సార్."

"కోడూరు వెనక కాలవలు ఇప్పుడెలా ఉన్నాయి?"

ఆమె తల దించుకుంది. "తెలీదు సార్. మళ్ళీ వెళ్ళలేదు."

"మాకూ తెలీదమ్మా. నువ్వు మానేశాక అటు ఎవరూ వెళ్ళలేదు. ఆ వ్యాసంలో గ్రాఫు గీతలన్నీ అక్కడితో ఆగిపోయాయి."

జిరాక్స్ మిషను దగ్గర గఫార్ చేతిలో కాగితాలతో అలాగే నిలబడి కూతుర్ని చూస్తున్నాడు. తర్వాత బయటికొచ్చి, "ఇంకో టీ తీసుకుంటారా సార్?" అని అడిగాడు. ఆయన తీసుకున్నాడు. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు.

లోపల శ్రీలక్ష్మి వ్యాసం పంపించి ఫైలు మూసింది. బల్ల ఖాళీ అయింది. అర్షియా వెళ్ళాల్సిన ఊరు ఇదే కనక ఆమె ఒక్కతే మిగిలింది.

తర్వాతి వారం ఫోను మోగింది. "మీ బోర్డు మీద నంబరు చూసి చేస్తున్నానమ్మా," అన్నాడు అనంతకృష్ణ. "కోడూరు పని మళ్ళీ మొదలుపెడుతున్నాం. దాని మీదే నువ్వు పీహెచ్‌డీ చేసుకోవచ్చు. ఇంట్లో అడిగి చెప్పు."

అర్షియా ఫోను పెట్టేసి తండ్రి వైపు తిరిగింది. "షాపు ఎలా అబ్బాజాన్?"

గఫార్ మిషనులో ఇరుక్కున్న కాగితం లాగుతూ, తలెత్తకుండానే అన్నాడు. "రిఫరెన్సులు నేను కొడతాలే బేటీ. తప్పులుంటే వాళ్ళే వచ్చి చెప్తారు."

కార్తీకంలో ఒక పొద్దున అర్షియా కోడూరులో బస్సు దిగి కాలవ గట్టుకు నడిచింది. పడవ పోతయ్య ఆమెను చూసి తెడ్డు పక్కన పెట్టాడు.

"మునుపొచ్చిన అమ్మాయివేగా? కొలవకుండానే చెప్తాను, ఉప్పు పెరిగింది. అడివి వైపు రెండు చేలు వదిలేశారు కూడా."

"ఎంత పెరిగిందో రాసుకోవాలి కదా బాబాయ్," అని ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పడవెక్కింది.

"ఈసారి ఎందాకా పోదాం?"

అర్షియా సీసాలు ఒళ్ళో పెట్టుకుని కాలవ పొడుగూతా చూసింది.

"సముద్రం దాకా," అంది.