చేతులు కడుక్కోండి డాక్టరుగారూ

మొహమాటానికి పోయి మాధవరాజు ఆరెకరాల రొయ్యల్ని పోగొట్టుకున్నాడు. తెల్లమచ్చ వైరస్ ఊరూరా తిరుగుతున్న ఏడాది, పక్క చెరువు నుంచి నేరుగా వచ్చిన బావగారిని "గట్టు మీద చేతులూ కాళ్లూ కడుక్కోండి" అనలేకపోయాడు. ఇంటల్లుడాయె, ఏమనుకుంటారో అని. ఆయనగారు వలలో చెయ్యి పెట్టి, రొయ్యని తీసి, మెచ్చుకుని మరీ వెళ్లారు. వారం తిరక్కుండా చెరువంతా చచ్చి తేలింది.

ఇప్పుడు భీమవరం ఆస్పత్రి ఐసీయూలో అతని భార్య సుబ్బాయమ్మ న్యుమోనియాతో, నోట్లో గొట్టంతో పడుకుని ఉంది. లోపలికెళ్లి చూడ్డానికి రోజుకి అయిదు నిమిషాలే. పక్క మంచం ఆయన కాలిపుండు ఏ మందుకీ లొంగడం లేదని నర్సు రామలక్ష్మి ముందురోజే చెప్పింది.

ఆ సాయంత్రం మాధవరాజు వెళ్లేసరికి డాక్టరు చంద్రరావు ఆ పుండు నొక్కి చూసి, గ్లవ్సూ లేక సబ్బూ లేక, అవే చేతులతో సుబ్బాయమ్మ గొట్టం మీదికి వస్తున్నాడు. రామలక్ష్మి నోరు తెరిచి మళ్లీ మూసేసుకుంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు?

మాధవరాజు అడ్డంగా నిలబడ్డాడు. "చేతులు కడుక్కోండి డాక్టరుగారూ."

"నేనెవరో తెలుసా అండీ మీకు?"

"ఆయ్, తెలుసండి. రొయ్యల చెరువులోకే కడుక్కోకుండా ఎవర్నీ దిగనివ్వమండి. ఈవిడ నా భార్యండి."

"అంత అనుమానమైతే రాజమండ్రి తీసుకుపోండి!"

మాధవరాజు భార్య వైపు చూశాడు. దారిలోనే ప్రాణం పోతే? అయినా కదల్లేదు. "కడుక్కొచ్చి తిట్టండి, పడతానండి."

ఐసీయూలో ఉన్నది ఒకటే సింకు, దాన్నిండా ఖాళీ సెలైన్ సీసాలు. రామలక్ష్మి పరుగున వెళ్లి అవి తీసి సబ్బు పెట్టింది. చంద్రరావు చేతుల మీద పగ తీర్చుకుంటున్నట్టు మోచేతుల దాకా రుద్దుకున్నాడు. సుబ్బాయమ్మని చూసి వెళ్లిపోయాడు.

అప్పుడొచ్చింది మాధవరాజుకి ఏడుపు. కళ్లూ ముక్కూ చేత్తో తుడుచుకుని, ఆ చెయ్యే భార్య నుదుటి మీదికి చాచాడు.

"చేతులండీ రాజుగారూ" అంటూ రామలక్ష్మి అడ్డొచ్చింది.

నాలిక్కరుచుకుని వెళ్లి కడుక్కొచ్చాడు. ఈలోగా ఆమె గడియారం చూసింది. "టైమైపోయిందండి. మిమ్మల్ని ఉండనిస్తే అందర్నీ ఉండనివ్వాలి."

అతనికి ఒళ్లు మండింది. మరుక్షణమే, ఈ పిల్ల ఉంటే సుబ్బాయమ్మకి భయం లేదనిపించింది. సుబ్బాయమ్మ కళ్లు తెరిచి అతన్నే చూస్తోంది. ఒక్కసారి ముట్టుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"నీ మాటే మాటమ్మా" అని, కడిగిన చేతులు రెండూ పైకెత్తి దూరం నుంచే భార్యకి చూపించి, బయటికి నడిచాడు.