చేతుల్లేని అవ్వ

తంగసామి తిరుత్తంగల్ అచ్చాఫీసులో కాగితం కోసే మిషను దగ్గర పని చేస్తాడు. సాయంత్రం వ్యాను దిగేటప్పుడు చంకలో క్యాలెండర్ల అంచుముక్కలుంటాయి. అవి మనవరాలు పాండీశ్వరికి. దానికి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. తల్లి కోవిల్‌పట్టి మిల్లు పనికి పోతే, పగలంతా అవ్వ వెళ్ళైయమ్మాళ్ దగ్గరే.

మొన్నటిదాకా పిల్ల బొగ్గు పట్టుకుంటే కాగితమంతా కోడి గెలికినట్టుండేది. తర్వాత గీత గుండ్రంగా తిరగడం నేర్చింది. ఆడి నెలలో ఒకనాడు బయలుదేరిన చోటికే వచ్చి కలిసింది. ఆ సున్నాలో రెండు చుక్కలు పెట్టి, కింద రెండు కాళ్ళు దింపి, "తాత" అంది. తంగసామి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇదంతా ఎడం చేత్తో. అదే వెళ్ళైయమ్మాళ్ బెంగ. విజయదశమికి బియ్యంలో అక్షరం దిద్దించి పళ్ళికూడంలో చేర్చాలి.

"ఎడం చేత్తో రాస్తే నలుగురూ నగరా?" అంటూ బొగ్గు లాగి కుడిచేతిలో పెట్టేది.

కుడిచేతిలో మళ్ళీ కోడి గెలుకుడే. కొన్నాళ్ళకు పిల్ల బొగ్గు ముట్టడమే మానేసింది. కాగితాలు గూట్లో పేరుకున్నాయి.

"దాన్ని దాని పోకకు విడువు," అన్నాడు తంగసామి.

"నువ్వు నోరు తెరిచేదే ఆడికొకతూరి, అమాసకొకతూరి. తెరిచి ఇదా చెప్పేది?"

విజయదశమి పొద్దున ఆమె పిల్ల కుడివేలు పట్టి బియ్యంలో తమిళ 'అ' దిద్దించింది. ఆ వేలు ఆమె పిడికిట్లో ఊరికే పోయివచ్చింది. ఆమె కర్పూరానికి లోపలికి పోగానే ఎడం వేలు బియ్యంలోకి దిగింది. మెల్లగా ఒక సున్నా. చుక్కలు. కాళ్ళు.

ఆమె వచ్చి చూసింది. "ఎవరే ఇది?"

"నువ్వే, అవ్వా."

"నా కడుపెక్కడే?"

"లోపల ఉండాది."

"చేతులో?"

"లేవు."

కర్పూరం ఆమె చేతిలోనే ఉండిపోయింది. "బొగ్గు లాక్కునే చేతులని తీసేసిందా అయ్యా ఇది?" అని మొగుడి వైపు చూసింది.

పిల్ల గీసిన మనుషులెవరికీ ఇంకా చేతులు రాలేదు. జేబులో ఉన్న తాతకూ లేవు. కాళ్ళు ముందు, చేతులు తర్వాత. దీని తల్లీ చిన్నప్పుడు నేలమీద అట్లాగే గీసేది. ఆ మాట చెబితే వెళ్ళైయమ్మాళ్ నవ్వేసి మళ్ళీ కుడివేలు పట్టుకుంటుంది. తంగసామి చెప్పలేదు.

ఆమె బొగ్గు తెచ్చి పిల్ల ఎడంచేతిలో పెట్టింది. "గీసుకో పో. నగేవాళ్ళు నగనీ."

దీపావళి నాటికి అవ్వకు చేతులు మొలిచాయి, తలకు రెండు పక్కలా. ఒక్కో చేతికి పిడికెడు వేళ్ళు. వెళ్ళైయమ్మాళ్ దాన్ని వీధంతా చూపించి వచ్చి, తంగసామి చొక్కా ఉతకబోయి జేబు తడిమి, మడిచిన కాగితం విప్పింది.

"ఏమయ్యా, నీకూ చేతుల్లేవే?"

తంగసామి కాగితం అందుకుని, మడిచి, వ్యానుకు పోయాడు.