ముందే చెప్పిన స్తోత్రం

సోమందేపల్లె దాటినాక హైవే వదిలి గుట్టలవైపు మళ్ళితే ఒక బైబిలు కాలేజీ వస్తుంది. దాని వెనక వరసగా రేకుల ఇళ్లు. పాస్టర్లు కావడానికి చదువుకుంటున్న సంసారుల ఇళ్లవి. ఒకాయన బ్యాంకులో ఆఫీసరు, ఇంకొకాయన ఆర్టీసీ కండక్టరు, మరొకాయన బెంగళూరులో కంప్యూటర్ల కంపెనీ. అందరూ ఉన్న ఉద్యోగాలకు దండం పెట్టేసి పెళ్లాంబిడ్డలతో వచ్చి పడ్డవాళ్ళే. చౌడేశ్వరి మొగుడు కేశవ విడపనకల్లులో కరెంటు లైన్‌మన్. ఉద్యోగం పర్మినెంటు అయిన ఏడాదే రాజీనామా రాసిచ్చాడు.

ప్రతి శుక్రవారం అక్కడ ఆడవాళ్ళ కూడిక ఉంటుంది. కూడికలో ఒక్కొక్కరూ లేచి, దేవుని కోసం ఏం విడిచి వచ్చారో సాక్ష్యం చెప్పాలి. జీతం విడిచామంటారు, సొంతిల్లు విడిచామంటారు, పుట్టింటివాళ్ళ మాటలు విడిచామంటారు. చౌడేశ్వరి తన వంతు వచ్చేసరికి, "మా ఆయప్ప కరెంటు ఉద్యోగం ఇడిసినాడు, దేవునికి స్తోత్రం" అని గబుక్కున కూర్చునేది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన పిల్ల, నలుగురిలో నోరు తిరగదులే అనుకునేవాళ్ళు మిగతావాళ్ళు. నోరు తిరగక కాదు. ఆమె విడిచి వచ్చింది ఉద్యోగం కాదు, కడుపున పుట్టిన పెద్దబిడ్డను. ఆ మాట నోట పెడితే గుండె ఆగిపోతుందని భయం.

వాళ్ళు బయలుదేరేనాటికి ఆ ఆడబిడ్డ, చైతన్యకు నాలుగేళ్ళు. చౌడేశ్వరికి మళ్ళీ నెల తప్పింది. రేకుల ఇల్లు ఇంకా చేతికి రాలేదు. "మీరు యాడికన్నా పోండి, ఏ దేవున్నన్నా మొక్కోండి. బిడ్డను మాత్రం ఆ గుట్టల్లో పడెయ్యనియ్యను" అంది అత్త బయమ్మ. ఒక్క ఏడాదే కదా అనుకున్నారు. బస్సెక్కేముందు చౌడేశ్వరి బిడ్డ గడ్డం పట్టుకొని, "బుద్దిగా ఉండు నాయనా. అల్లరి చేయకుంటే అమ్మ బిరీన వచ్చి తీసకపోతాది" అని చెప్పింది. ఆ తర్వాత చంటివాడు పుట్టాడు, వాడికి ఒకదాని వెంట ఒకటి జబ్బులు. ఏడాది రెండయింది. మొదట్లో వీలైనప్పుడల్లా పోయి చూసి వచ్చేది. కడపటిసారి పోయింది పోయిన ఎండాకాలంలో.

ఈసారి మే నెల కూడికలో ఏమైందో ఏమో, సాక్ష్యం చెప్పడానికి లేచి ఉద్యోగం మాట ఎత్తలేదు. "నా కూతురు మా అత్తకాడ ఉండాది" అని మాత్రం అనగలిగింది. తర్వాత ఒకటే ఏడుపు.

కూడిక నడిపే జయంతి, బ్యాంకు ఆఫీసరు భార్య, లేచి వచ్చి ఆమె తలమీద చెయ్యి వేసింది. "ఏడవద్దు చెల్లీ. అడిగింది దొరికినట్టే అనుకోవాల. అనుమానం పెట్టుకోకుండా ముందే స్తోత్రం చెప్పు. చెప్పు, నా బిడ్డ వచ్చిందని చెప్పు."

చౌడేశ్వరి కళ్ళు తుడుచుకొని, "నా బిడ్డ వచ్చింది, దేవునికి స్తోత్రం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఆమెకే నమ్మకం కలిగింది, బిడ్డ నిజంగానే వచ్చేసినట్టు.

ఇక చూడాలి ఆ ఇళ్లలో సందడి! ఒకరు చాప తెచ్చి ఇచ్చారు, ఒకరు బడిలో మాట్లాడి వచ్చారు. కండక్టరు భార్య లక్ష్మక్క మిషను కుడుతుంది. "బిడ్డ ఎంతెత్తుంటాదమ్మే?" అని అడిగింది. చౌడేశ్వరి తన నడుము కింద చెయ్యి పెట్టి చూపింది.

"అంచు కింద మడత ఇడుస్తాలే. పిల్లోళ్ళు గడ్డి మాదిరి పెరుగుతారు" అంది లక్ష్మక్క. పసుపు పచ్చ గౌను, అంచుకు ఎర్ర గుడ్డ. కూడిక గదిలో మేకుకు తగిలించింది, అందరికీ కనబడేట్టు.

జూన్ నెల వస్తూనే, చంటివాణ్ణి చంకనేసుకొని చౌడేశ్వరి బయలుదేరింది. అనంతపురంలో ఒక బస్సు మారి, ఉరవకొండలో ఇంకో బస్సు మారి విడపనకల్లు చేరింది. దారి పొడుగునా వాన కోసం దున్ని పెట్టుకున్న ఎర్రచేలు, ఒక్క పచ్చటాకు లేదు. కేశవ రాలేదు. గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని తల్లి కబురు పెట్టింది.

చైతన్య వాకిట్లో మేకపిల్లకు తుమ్మకాయలు తినిపిస్తోంది. తల్లిని చూసి లేచి, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చుట్టాలకు ఇచ్చినట్టే రెండు చేతులా ఇచ్చింది. తమ్ముడి బుగ్గ ఒకసారి వేలితో ముట్టి చూసింది.

"యే బస్సుకు పోతావు మా?" అని అడిగింది.

"నిన్ను తీసకపోవాలనే వచ్చినా నాయనా" అంది చౌడేశ్వరి, చెంబు కింద పెట్టి.

బయమ్మ గడపలో కూర్చొని వక్క కొరుకుతోంది. "తీసకపో. నేనేమన్నా పలుపేసి కట్టినానా? నీ బిడ్డ, నీ ఇష్టం" అంది. ఆ వెంటనే లోపలికి పోయి బిడ్డ బట్టలు ఒక సంచిలో సర్దసాగింది. సర్దుతున్నంతసేపూ తిట్టింది. "కరెంటు స్తంభమెక్కి బతికేటోడు, ఆ దేవుడు పిలిచినాడని దిగొచ్చినాడంట! వానికంటే బుద్ది లేదు, నీకన్నా ఉండద్దా మే?" తిడుతూనే సంచి అడుగున బెల్లం వేసిన వేరుశనగ ఉండలు పెట్టింది. మూతి ముడిచి, కళ్ళు కొంగుతో ఒత్తుకుంది.

చైతన్య ఏడవలేదు. మేకపిల్లను గుంజకు కట్టేసి, చెప్పులు వేసుకొని, తల్లి వెంట నడిచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చోమంటే కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకొని కదలకుండా కూర్చుంది. ఇంత మంచి బిడ్డను దేవుడిచ్చాడని చౌడేశ్వరి మనసులో స్తోత్రం చెప్పుకోబోతోంది. అప్పుడు ఆ పిల్ల చెవి దగ్గరికి వచ్చి రహస్యంగా అడిగింది.

"మా, నేను ఆడ అల్లరి చేయను. బుద్దిగా ఉంటా. ఉంటే బిరీన అవ్వకాడికి తీసకొస్తావా?"

గుర్తుపట్టింది చౌడేశ్వరి. ఆ మాటలు తనవే. రెండేళ్ళు ఆ బిడ్డ బుద్ధిగానే ఉంది, పాపం. బుద్ధిగా ఉన్నందుకు ఏ అమ్మా బిరీన రాలేదు. అయినా మళ్ళీ అదే మాట నమ్మి అడుగుతోంది.

కండక్టరు విజిలు వేశాడు. చౌడేశ్వరి లేచి నిలబడింది.

"ఏమ్మా, ఎక్కి కూచోని దిగుతాండావే?"

"ఆపన్నా. దిగాల మేము."

తిరిగి ఇంటికి తీసుకుపోయి, బిడ్డ చేతిని బయమ్మ చేతిలో పెట్టింది. "దానంతకది వస్తాననేదాకా ఉండనీ అత్తా. నేనే వస్తాంటా, నెలనెలా వస్తా" అంది. బయమ్మ ఈసారి తిట్టలేదు. సంచిలోంచి వేరుశనగ ఉండలు తీసి, గుడ్డలో మూటగట్టి కోడలికి ఇచ్చింది. చైతన్య అప్పటికే మేకపిల్ల తాడు విప్పుతోంది.

పొద్దు గూట్లో పడేవేళకు చౌడేశ్వరి రేకుల ఇళ్ల దగ్గర ఆటో దిగింది. గేటు దగ్గర అందరూ ఉన్నారు. పిల్లలు రంగు కాగితాలు కత్తిరించి దండలు కట్టారు. చంకలో చంటివాడు, చేతిలో మూట. ఆటోలోంచి ఇంకెవరూ దిగలేదు. పిల్లల్లో ఎవరో "అక్క యాడ?" అన్నారు. వాళ్ళమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆ నోరు మూసింది.

జయంతి ముందుకొచ్చి, "దేవుని చిత్తం ఎట్లుందో మనకు..." అని మొదలుపెట్టింది.

"నువ్వు ఊరుకోమ్మా జయంతీ! ముందు ఆ చంటోన్ని ఎత్తుకో. ఆ యమ్మ చెయ్యి పడిపోతాండాది" అని కసిరింది లక్ష్మక్క.

జయంతి చంటివాణ్ణి ఎత్తుకుంది. వాడి తల మీదుగా, మెల్లగా చెప్పింది. "మా పెద్దోడు వాళ్ళ తాత కాడే ఉండాడు చెల్లీ. నేను రమ్మంటే ఫోను పెట్టేస్తాడు. నేనూ ముందే స్తోత్రం చెప్పినా. మూడేండ్లాయ. ఏ కూడికలోనూ ఈ మాట చెప్పలేదు, అందరికీ చెప్పేదాన్ని కదా."

చౌడేశ్వరి ఆమె ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ అందరికంటే నమ్మకమున్న మనిషి అనుకొని భయపడింది ఈమెను చూసే. ఇద్దరూ అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చారు. మిగతావాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఎవరూ బైబిలు వాక్యం చెప్పలేదు. ఎవరో చౌడేశ్వరి ఇంట్లో పొయ్యి వెలిగించారు. మూట విప్పి వేరుశనగ ఉండలు పిల్లలకు పంచుతుంటే, "మా అత్త చేసింది" అంది చౌడేశ్వరి, ఏడుపు మధ్యలో, ఆ మాటేదో చెప్పి తీరాలన్నట్టు.

లక్ష్మక్క కూడిక గదిలోకి పోయి గౌను తెచ్చింది. ఇది చూస్తే చౌడేశ్వరి ఇంకా ఎక్కువ ఏడుస్తుందేమోనని అందరూ బెదిరారు. చౌడేశ్వరి దాన్ని ఒళ్ళో పరుచుకొని చూసింది. పొట్టిది. ఇవాళ తన పక్కన నడిచిన బిడ్డకు మోకాళ్ళ పైకి వచ్చేది.

"మడత ఇప్పుతా" అంది లక్ష్మక్క, బ్లేడు తీస్తూ. "సరిగ్గా చెప్పు ఈసారి. ఎంతెత్తుండాది?"

చౌడేశ్వరి లేచి నిలబడింది. తన రొమ్ము కింద చెయ్యి పెట్టి చూపింది. ఆ చేతి వైపు కాసేపు చూసుకుంది. తర్వాత దాన్ని ఇంకొంచెం పైకి జరిపింది.